పేరు పక్కన బ్రాకెట్లో అంకె

సి ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చున్న బీటెక్ మొదటి ఏడాది విద్యార్థికి ప్రింట్‌ఎఫ్ మీద అనుమానం వస్తుంది. చుక్క తర్వాత రెండంకెలే రావాలంటే ఏం రాయాలి? సీనియర్లు చెప్పిన మాట గుర్తొచ్చి 'మ్యాన్ ప్రింట్‌ఎఫ్' అని కొడతాడు. తెర నిండా ఏదో వస్తుంది. అందులో సి ప్రోగ్రాంకు కావలసిన సంగతులు ఉండవు. ఏ హెడర్ ఫైలు కలపాలో ఉండదు, ఫంక్షన్ ఏ రకం విలువ తిరిగిస్తుందో ఉండదు. అతను చూస్తున్నది సి లైబ్రరీలోని ప్రింట్‌ఎఫ్ కాదు మరి. అదే పేరుతో టెర్మినల్‌లో నేరుగా వాడుకునే ఓ చిన్న కమాండ్. అతనికి కావలసిన పేజీ 'మ్యాన్ 3 ప్రింట్‌ఎఫ్' అంటే వస్తుంది. ఆ మూడు సంగతి ఎవరూ చెప్పకపోతే, ఈ మాన్యువల్ మనకు పనికొచ్చేది కాదనుకుని గూగుల్‌కి పోతాడు.

యూనిక్స్, దాని దారిలో వచ్చిన లినక్స్, బీఎస్‌డీ వ్యవస్థల రిఫరెన్స్ మాన్యువల్‌కు ప్రధానంగా ఎనిమిది సెక్షన్లుంటాయి. ఒకటో సెక్షన్‌లో మనం టైపు చేసే కమాండ్లు. రెండులో సిస్టమ్ కాల్స్, అంటే ప్రోగ్రాం నేరుగా కెర్నల్‌తో చేయించుకునే పనులు. మూడులో లైబ్రరీ ఫంక్షన్లు. నాలుగులో డిస్కు, టెర్మినల్ లాంటి పరికరాలకు గుర్తుగా ఉండే ప్రత్యేక ఫైళ్లు. ఐదులో రకరకాల ఫైళ్ల లోపలి అమరిక. ఆరులో ఆటలు. ఏడులో ఎక్కడా ఇమడనివి. ఎనిమిదిలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పనులు. అంకె చెప్పకుండా పేరొక్కటే ఇస్తే మ్యాన్ కమాండ్ తన వరుసలో వెతుక్కుంటూ పోతుంది. ఆ వరుస ఒకటితో మొదలవుతుంది. ముందు ఏ పేజీ దొరికితే అది చూపించి ఊరుకుంటుంది. అందుకే పైన కుర్రాడికి కమాండ్ పేజీ వచ్చింది. ఈ పేర్లను పుస్తకాల్లో ప్రింట్‌ఎఫ్(1), ప్రింట్‌ఎఫ్(3) అని వేరుచేసి రాస్తారు. ఆ బ్రాకెట్లోని అంకె పేరులో భాగమైపోయింది, ఇంటిపేరులాగా.

రిఫరెన్స్ మాన్యువల్‌ను ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవరు. దాన్ని సెక్షన్లుగా కట్టే మనిషి ఒక ఊహ మీద పని చేస్తాడు: వెతుక్కుంటూ వచ్చేవాడు ఏ పనిలో ఉండగా వస్తాడు, చేతిలో ఏ పేరు పట్టుకుని వస్తాడు? ఊహ కుదిరితే సెక్షన్లున్న సంగతే చదివేవాడికి తెలియదు. బెడిసికొడితే, సమాధానం ఆ పుస్తకంలోనే ఉన్నా దొరకదు. ఈ ఊహ ఎప్పుడెప్పుడు కుదిరిందో, ఎక్కడ తప్పిందో చూడాలంటే యూనిక్స్ మాన్యువల్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. యాభై ఏళ్లు దాటినా ఇంకా వాడుకలో ఉంది, దాని పాత ప్రతులు కూడా భద్రంగా ఉన్నాయి.

బెల్ ల్యాబ్స్, 1971

మొదటి 'యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్' మీద ఉన్న తేదీ 1971 నవంబర్ 3. రాసినవాళ్లు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ. యూనిక్స్‌ను తయారుచేసిందీ వాళ్లే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మరే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో, సంస్థ పేటెంట్ విభాగానికి పత్రాలు టైపు చేసి ఇచ్చే సాధనం తయారుచేస్తామని చెప్పి వాళ్లు పీడీపీ-11 కంప్యూటర్ సంపాదించారు. అందులో నడిచే ఎడిటర్‌తో, రాఫ్ అనే ఫార్మాటింగ్ ప్రోగ్రాంతో తమ మాన్యువల్ కూడా తయారుచేసుకున్నారు.

మాన్యువల్ రాయాల్సిందేనని పట్టుబట్టినవాడు, దాని నాణ్యత మీద కన్నేసి ఉంచినవాడు వాళ్ల విభాగాధిపతి డగ్ మెకిల్‌రాయ్. తర్వాతి రోజుల్లో ఆయన ఒక సంగతి చెప్పారు. కొత్త ముద్రణ దగ్గర పడుతోందంటే అందరిలో హడావుడి మొదలయ్యేదట. ప్రోగ్రాం చేసే వికారపు పనులు కాగితం మీద పెట్టేసరికి 'ఇది అచ్చులో వేస్తే బాగుండదు' అనిపించి, ప్రోగ్రాంనే మార్చేవారట. వర్ణించడానికి వీలుగా లేని సదుపాయాన్ని తీసేయడమో, సరిచేయడమో. చాలా ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ అంతా అయిపోయాక, విడుదలకు ముందు రోజు రాత్రి డాక్యుమెంటేషన్ రాయించే పద్ధతి చూసినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. యూనిక్స్ విడుదలల పేర్లు కూడా మాన్యువల్ నుంచి వచ్చినవే. 'ఆరో ఎడిషన్ యూనిక్స్', 'ఏడో ఎడిషన్ యూనిక్స్' అంటే ఆ ఎడిషన్ మాన్యువల్ వర్ణించిన యూనిక్స్ అని.

మొదటి ఎడిషన్‌లో సెక్షన్లు ఏడే. వాటికి రోమన్ అంకెలుండేవి. కమాండ్లు, సిస్టమ్ కాల్స్, సబ్‌రొటీన్లు, ప్రత్యేక ఫైళ్లు, ఫైళ్ల అమరిక, వాడకందారులే చూసుకునే ప్రోగ్రాములు, ఇతరములు. నిర్వహణ పనులకు ఎనిమిదో సెక్షన్ తర్వాతి ముద్రణల్లో చేరింది. 1979 జనవరిలో వచ్చిన ఏడో ఎడిషన్ నాటికి రోమన్ అంకెలు పోయి మామూలు అంకెలు వచ్చాయి. మిగతా చట్రం దాదాపు అదే. ఇన్నేళ్ల తర్వాత మీ ల్యాప్‌టాప్‌లో కనిపించేదీ అదే.

ప్రతి సెక్షన్‌లోనూ పేజీలు అక్షర క్రమంలో ఉంటాయి. ఒక్కో పేరుకు ఒక్కో ఎంట్రీ, చాలావాటికి ఒకటి రెండు పేజీలే. పేజీ పై మూలల్లో ఎంట్రీ పేరు, సెక్షన్ అంకె. పుస్తకం మొత్తానికి కలిపి పేజీ నంబర్లు లేవు. ప్రతి ఎంట్రీ మళ్లీ 1తోనే మొదలవుతుంది. రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ వేసే పుస్తకానికి వరుస నంబర్లు ఇవ్వడం కుదిరే పని కాదని ముందుమాటలోనే చెప్పేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా లాభం చేసింది. ఒక కమాండ్ మారితే ఆ ఎంట్రీ ఒక్కటీ తీసి కొత్తది పెడితే చాలు, పక్క పేజీ కదలదు. '214వ పేజీ చూడండి' అనే మాటే పుస్తకంలో ఉండదు కాబట్టి అది తప్పయ్యే ప్రమాదమూ లేదు. ఒక చోటి నుంచి మరో చోటికి దారి చూపాలంటే పేరు, సెక్షన్ అంకె చెప్తారు. కాగితం పోయి తెర వచ్చినప్పుడు ఈ పద్ధతిలో మార్చాల్సిందేమీ లేకపోయింది.

ఆరో సెక్షన్ కథ

అన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది ఆరో సెక్షన్. 1971లో దాని పేరు 'వాడకందారులు చూసుకునే ప్రోగ్రాములు'. ఇవి అసలు యూనిక్స్‌లో భాగం కాదు, ఉన్నాయని తెలియడానికే ఇక్కడ పెట్టాం, వివరాలు కావాలంటే రాసినవాళ్లనే అడగండి అని ముందుమాటలో చెప్పారు. ఆ జాబితాలో చదరంగం, బ్లాక్‌జాక్, టిక్-టాక్-టో ఉన్నాయి. వాటి పక్కనే క్యాలెండర్ చూపించే క్యాల్, బేసిక్ భాష ఉన్నాయి. ఇంకా ఆశ్చర్యం, సార్ట్ కూడా అక్కడే ఉంది. ఈ రోజు ఏ డేటా ఇంజనీరుకైనా రోజూ చేతికి తగిలే ఆ సార్ట్ కమాండ్ మొదట ఆటల పక్కన కూర్చుని ఉంది.

మిగతా సెక్షన్లన్నీ 'ఇది ఏ రకం వస్తువు' అనే ప్రశ్న మీద కట్టినవి. ఆరోది మాత్రం 'దీని బాధ్యత ఎవరిది' అనే ప్రశ్న మీద కట్టింది. మొదటి ఎడిషన్ పేజీల్లో 'ఓనర్' అనే శీర్షిక కూడా ఉండేది, దాని కింద రాసినవాళ్ల పొట్టిపేర్లు. రాసినవాడు పక్క గదిలో ఉన్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. యూనిక్స్ ఆ భవనం దాటి విశ్వవిద్యాలయాలకు పోయాక, ఎవరి బాధ్యతో తెలిసి చదివేవాడికి ఒరిగేదేముంది? వాడికి కావలసింది సార్ట్ కమాండ్, కమాండ్ల దగ్గరే వెతుకుతాడు. మెల్లగా పనికొచ్చేవి ఒకటో సెక్షన్‌కు వెళ్లిపోయాయి, ఆటలు మిగిలాయి. ఏడో ఎడిషన్ నాటికి ఆ సెక్షన్ పేరే 'ఆటలు' అయింది.

ఈ పొరపాటు ఇప్పటికీ ఆగలేదు. కంపెనీల లోపలి డాక్యుమెంటేషన్ తెరిస్తే పేమెంట్స్ టీమ్, ప్లాట్‌ఫామ్ టీమ్, కోర్ టీమ్ అని విభాగాలు కనిపిస్తాయి. ఏ టీమ్ ఏం చేస్తుందో తెలిసినవాడికి ఆ పుస్తకంతో పనే లేదు. తెలియనివాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మరుసటి ఏడాది టీమ్‌లు కలిపేస్తారు, విభాగాల పేర్లు మాత్రం అలాగే ఉండిపోతాయి.

విషయం వారీగానా, అక్షర క్రమంలోనా?

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన నిఘంటువులు రెండు దారుల్లోనూ నడిచాయి. అమరకోశాన్ని కాండలుగా, కాండలను వర్గాలుగా కట్టారు. దేవతల పేర్లన్నీ ఒకచోట, ఓషధులన్నీ ఒకచోట. ఆ దారిలోనే పైడిపాటి లక్ష్మణకవి తెలుగు పదాలతో ఆంధ్రనామసంగ్రహం రాశాడు. దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గులు, చివర నానార్థ వర్గు. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885 నాటి శబ్దరత్నాకరంలో అకారాది క్రమం పట్టారు. వర్గుల పుస్తకం కంఠస్థం చేసేవాడికి పనికొస్తుంది, అకారాది పుస్తకం అప్పటికప్పుడు తెరిచి చూసుకునేవాడికి. ఒకే మాటకు నాలుగర్థాలుంటే దాన్ని ఏ వర్గులో పెట్టాలన్న చిక్కు లక్ష్మణకవికీ వచ్చింది. అలాంటి మాటలకు వేరే వర్గే కేటాయించి ఆ చిక్కు విప్పుకున్నాడు.

యూనిక్స్ రెంటినీ కలిపింది. ముందు రకం బట్టి సెక్షన్, సెక్షన్ లోపల అక్షర క్రమం. నానార్థాలకు వేరే చోటు పెట్టలేదు, ఒకే పేరు ఎన్ని రకాలుగా ఉంటే అన్ని సెక్షన్లలో కనిపిస్తుంది. కిల్(1) ప్రోగ్రాంను ఆపమని మనం టైపు చేసే కమాండ్, కిల్(2) అదే పనికి ప్రోగ్రాం రాసేవాడు వాడే సిస్టమ్ కాల్. మౌంట్(2) ప్రోగ్రామర్‌కు, మౌంట్(8) అడ్మినిస్ట్రేటర్‌కు. టైమ్(1), టైమ్(2), టైమ్(7) మూడూ ఉన్నాయి, మూడూ వేర్వేరు సంగతులు.

ఇలాంటి పేర్లలో మరొకటి, క్రాన్‌ట్యాబ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. ఫలానా టైముకు ఫలానా పని దానంతటదే జరగాలంటే సర్వర్లలో దీన్ని వాడతారు. 'మ్యాన్ క్రాన్‌ట్యాబ్' అని కొడితే ఒకటో సెక్షన్ పేజీ వస్తుంది. జాబితాను ఎలా తెరవాలి, ఎలా చూడాలి, ఎలా తీసేయాలి, అంతవరకే. జాబితాలో ఏం రాయాలో అందులో ఉండదు, అది క్రాన్‌ట్యాబ్(5)లో ఉంటుంది. వరుసగా ఐదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆదివారానికి 0 రాసినా ఒకటే, 7 రాసినా ఒకటే. ఇప్పుడు ఒకరు '30 6 1 * 1' అని రాశారనుకోండి. ఒకటో తారీఖు సోమవారం పడితేనే ఉదయం ఆరున్నరకు పని జరుగుతుందని వాళ్ల ఉద్దేశం. జరిగేది వేరు. తేదీ, వారం రెండు గడులనూ నక్షత్రం గుర్తు లేకుండా నింపితే, ఏ ఒక్కటి కుదిరినా పని నడుస్తుంది. అంటే ప్రతి నెలా ఒకటిన, దానికి తోడు ప్రతి సోమవారం కూడా. ఈ సంగతి ఐదో సెక్షన్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. ఒకటో సెక్షన్ పేజీ చూసి ఇంతేనని మూసేసినవాళ్లకు, ఈ పని సోమవారం ఎందుకు నడుస్తోందన్న ఫోన్ రాత్రి పూట వస్తుంది.

తప్పు విభజనదా? అలా అనలేను. కమాండ్ వేరు, ఫైలు అమరిక వేరు. ఆ ఫైలును చేత్తో రాసేవాడు ఒకడైతే, దాన్ని చదివే ప్రోగ్రాం రాసేవాడు మరొకడు కావచ్చు, వాడికి కమాండ్ అక్కర్లేదు. రెంటినీ వేరుచేయడం సబబే. వేరుచేసినప్పుడు దారి చూపాలి. ప్రతి పేజీ చివరా 'సీ ఆల్సో' అనే శీర్షిక ఉండేది అందుకే. క్రాన్‌ట్యాబ్(1) చివర క్రాన్‌ట్యాబ్(5) పేరు ఉంటుంది. పేజీ చివరిదాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకు కనిపిస్తుంది.

ఒక లైను బలం

సెక్షన్ అనేది పుస్తకానికే కాదు, పేజీకి కూడా ఉంటుంది. నేమ్, సినాప్సిస్, డిస్క్రిప్షన్, ఫైల్స్, సీ ఆల్సో, డయాగ్నస్టిక్స్, బగ్స్ అనే శీర్షికలు మొదటి ఎడిషన్‌లోనే ఉన్నాయి. తమ ప్రోగ్రాంలో ఉన్న లోపాలు చెప్పుకోవడానికి ప్రతి పేజీలో ఒక చోటు కేటాయించుకున్న కంపెనీ మాన్యువల్ ఇంకోటి చూపించమంటే కష్టమే.

వీటన్నిటిలోకీ నేమ్ అనే శీర్షిక కింద ఉండే ఒక్క లైను చేసే పని ఎక్కువ. పేరు, ఒక గీత, నాలుగైదు మాటల్లో అది చేసే పని, అంతే. ఎంవీ కమాండ్‌కు ఏడో ఎడిషన్‌లో 'మూవ్ ఆర్ రినేమ్ ఫైల్స్ అండ్ డైరెక్టరీస్' అని ఉంది. అచ్చు పుస్తకంలో ఈ లైన్లన్నీ పోగేసి ఒక ప్రత్యేకమైన సూచిక తయారుచేసేవారు. ప్రతి లైనునూ తిప్పి తిప్పి, అందులోని ముఖ్యమైన మాటలన్నీ ఒక్కొక్కటిగా అక్షర క్రమంలో వచ్చేలా పేర్చేవారు. అలా ఎంవీ 'మూవ్' దగ్గరా దొరుకుతుంది, 'రినేమ్' దగ్గరా దొరుకుతుంది, 'ఫైల్స్' దగ్గరా దొరుకుతుంది. ఫైలు పేరు మార్చాలి, కమాండ్ పేరు మాత్రం తెలియదు అనుకునేవాడికి దారి ఇది. ఇలాంటి సూచికలను 1950ల చివర్లో ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ ప్రచారంలోకి తెచ్చాడు. యూనిక్స్‌లో దాన్ని తయారుచేయడానికి పీటీఎక్స్ అనే కమాండే ఉండేది.

ఇప్పుడు 'మ్యాన్ -కే' అనో 'అప్రోపో' అనో కొట్టి ఏదైనా మాట ఇస్తే జరిగేది కూడా ఇదే. కంప్యూటర్ ముందుగానే అన్ని పేజీల నేమ్ లైన్లను ఏరి ఒక చిన్న డేటాబేస్‌లో పెట్టుకుంటుంది, వెతికేది అందులోనే. ఆ ఒక్క లైను రాయకపోయినా, గీత పెట్టే పద్ధతి తప్పినా, పేజీ ఎంత గొప్పగా ఉన్నా ఈ వెతుకులాటలో కనిపించదు. ప్రపంచంలో ఉన్న సగం డాక్యుమెంటేషన్‌కు ఈ నియమం పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఇదేమిటో ఒక్క లైనులో చెప్పలేని పేజీ, చాలాసార్లు రెండు పేజీలు కావాల్సినది.

గోడలు కదిలితే

రెండో సెక్షన్‌కూ మూడో సెక్షన్‌కూ మధ్య గీత చూడటానికి చాలా గట్టిగా ఉంటుంది. కెర్నల్ చేసేది రెండులో, లైబ్రరీ చేసేది మూడులో. ఓపెన్(2), ఎఫ్‌ఓపెన్(3). కాని ప్రోగ్రాం లోపలి నిర్మాణాన్ని బట్టి గీసిన గీత, ఆ నిర్మాణం మారినప్పుడు అబద్ధమవుతుంది. కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్ ఇప్పటికీ రెండో సెక్షన్‌లోనే ఉంది. అయితే నేటి లినక్స్‌లో సి లైబ్రరీ ఫోర్క్ ఆ పేరుగల సిస్టమ్ కాల్‌ను వాడకుండా క్లోన్ అనే మరో సిస్టమ్ కాల్‌తో పని కానిస్తుంది. ఆ మాట ఆ పేజీలోనే చెప్పారు. పేజీని మాత్రం కదిలించలేదు. కదిలించకపోవడమే మంచిదైంది. వెతికేవాడి చేతిలో ఉండేది ఫోర్క్ అనే పేరు, పక్కన 2 అనే అంకె. లోపల ఏం మారిందన్నది వాడికి తర్వాతి సంగతి.

అంకెలు మారిస్తే ఏమవుతుందో ఏటీ అండ్ టీ చూపించింది. 1983లో వచ్చిన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ మాన్యువల్‌లో ఫైళ్ల అమరిక నాలుగో సెక్షన్, ఇతరములు ఐదు, పరికరాలు ఏడు. నిర్వహణ కమాండ్లకు ఎనిమిది బదులు '1ఎం'. బర్క్‌లీ వాళ్ల బీఎస్‌డీ పాత వరుసే ఉంచుకుంది, లినక్స్ ఆ వరుసనే తీసుకుంది. రెండు రకాల యంత్రాలూ ఉన్న ఆఫీసులో 'సెక్షన్ 5 చూడు' అంటే ఒకరికి ఫైళ్ల అమరిక, మరొకరికి ఇతరములు. సిస్టమ్ ఫైవ్ దారిలో వచ్చిన సొలారిస్ ఈ అంకెలను చాలా కాలం మోసింది. చివరికి ఒరాకిల్ 2018లో విడుదల చేసిన సొలారిస్ 11.4లో లినక్స్, బీఎస్‌డీలకు సరిపోయేలా అన్నిటినీ మార్చింది. అంటే సిస్టమ్ ఫైవ్ వచ్చిన 35 ఏళ్లకు. ఆ లోపు అచ్చయిన పుస్తకాల్లో, ప్రోగ్రాముల్లో రాసుకున్న వ్యాఖ్యల్లో ఉన్న పాత అంకెలను ఎవరు దిద్దుతారు?

అంకెలు ముట్టుకోకుండా సర్దుకునే దారి కూడా కనిపెట్టారు, అంకె వెనక అక్షరం తగిలించడం. పర్ల్ మాడ్యూళ్లకు '3పీఎం', పాజిక్స్ ప్రమాణం పేజీలకు '1పి', '3పి'. లినక్స్ మ్యాన్-పేజెస్ ప్రాజెక్ట్ 2022లో 6.0 విడుదలతో డేటా రకాలకు '3టైప్', స్థిరాంకాలకు '3కాన్స్ట్' అని ఉపవిభాగాలు పెట్టింది. అంతకు ముందు రకాలన్నీ ఒకే పొడుగాటి పేజీలో ఉండేవి. ఒక్క రకం గురించి తెలుసుకోవాలంటే ఆ పేజీ మొత్తం గాలించాల్సి వచ్చేది.

పేజీ ఎంత పొడుగుండాలన్నది ఇంకో తగాదా. బ్యాష్ షెల్ మాన్యువల్ మొత్తం ఒకే పేజీ. తెరిచి కిందికి జరుపుతుంటే తలప్రాణం తోకకొస్తుంది, కాని వెతకాల్సిన చోటు ఒకటే. జడ్‌షెల్ దాన్ని ముక్కలు చేసింది. బిల్టిన్లకో పేజీ, ఆప్షన్లకో పేజీ, ఎక్స్‌పాన్షన్‌కో పేజీ. కావలసింది ఏ ముక్కలో ఉందో తెలియనివాళ్ల కోసం అన్నీ కలిపిన పేజీ కూడా మళ్లీ ఇచ్చింది. పర్ల్ భాషకు నాలుగో వెర్షన్ దాకా ఒకే పెద్ద పేజీ. 1994లో ఐదో వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని ఫంక్షన్లు, ఆపరేటర్లు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అంటూ చాలా పేజీలు చేశారు. పేరు తెలిసి వచ్చేవాడికి ముక్కలు మేలు. పేరు తెలియక మాట పట్టుకుని వెతికేవాడికి ఒకే పేజీ మేలు. ఇద్దరూ ఒకే మనిషి కావచ్చు, పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా.

అసలు ఇలా పేరుకో పేజీ పెట్టే పద్ధతే తప్పన్నవాళ్లూ ఉన్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్ట్ దారి అది. ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాం ఎలా కట్టి ఉందో మాన్యువల్‌ను కూడా అలాగే కడతారు, వాడుకునేవాడి మనసులో ఉండే భావాలను బట్టి కట్టాలని గ్నూ నియమాలు చెప్తాయి. అందుకోసం టెక్సిన్‌ఫో అనే పద్ధతి తయారుచేసుకుని, అధ్యాయాలు, ఉప అధ్యాయాలతో అసలైన పుస్తకాలు రాశారు. ఇమాక్స్ మాన్యువల్ లాంటివి చదివితే ఆ వాదంలో బలం తెలుస్తుంది. కాని పని మధ్యలో ఒక ఆప్షన్ కోసం వచ్చినవాడికి అధ్యాయం చదివే తీరిక ఎక్కడ? మ్యాన్ పేజీ నిలిచింది. గ్నూ సాధనాలకు కూడా మ్యాన్ పేజీలు ఇవ్వక తప్పలేదు, వాటి చివర 'పూర్తి వివరాలు అక్కడున్నాయి' అని ఇన్‌ఫో మాన్యువల్ వైపు చెయ్యి చూపిస్తారు.

నిజానికి ఈ తగువును ఏడో ఎడిషన్ అప్పుడే తీర్చింది. మొదటి సంపుటం రిఫరెన్స్. రెండో సంపుటంలో పాఠాలు, వ్యాసాలు, ఎలా మొదలుపెట్టాలో చెప్పే పరిచయాలు. నేర్పేది వేరు, చూసుకునేది వేరు. పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా అంతే, ట్యుటోరియల్ ఒకచోట, లైబ్రరీ రిఫరెన్స్ ఒకచోట, భాషా నియమాల రిఫరెన్స్ ఇంకోచోట. జాంగో ఇంకొంచెం ముందుకు పోయి ట్యుటోరియళ్లు, విషయ వివరణలు, రిఫరెన్స్, 'ఇది ఎలా చేయాలి' అనే పేజీలు నాలుగుగా విడగొట్టింది. ఇవి కలిసిపోయిన చోట మాత్రం పాఠం మధ్యలో పట్టికలు, పట్టికల మధ్యలో కబుర్లు వచ్చి రెండూ చెడతాయి.

మరి ఆ ఏడో సెక్షన్ ఏమైంది? 'ఇతరములు' అనే పేరుతో ఏ విభాగం పెట్టినా అది చెత్తబుట్ట అవుతుందని ఎవరైనా అంటారు. నేనూ అనేవాణ్ణే, ఈ సెక్షన్ లేకపోతే. మొదటి ఎడిషన్‌లో అక్కడ ఆస్కీ అక్షరాల పట్టిక లాంటివి ఉండేవి. ఈ రోజు లినక్స్‌లో సిగ్నల్(7), టీసీపీ(7), పీథ్రెడ్స్(7), నేమ్‌స్పేసెస్(7) పేజీలు చూడండి. ఒక కమాండ్‌కో ఒక ఫంక్షన్‌కో చెందని, ఇరవై పేజీల్లో చెదిరి ఉన్న సంగతులను కలిపి చెప్పే పేజీలు అవి. పేరును బట్టి కట్టిన పుస్తకంలో భావాలకు చోటు లేదని గ్నూ వాళ్లు ఎత్తిచూపిన లోటును, ఎక్కడా ఇమడనివాటి కోసం పెట్టిన ఈ సెక్షనే చాలావరకు పూడ్చింది. కంటైనర్లు లోపల ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనుకునే కుర్రాళ్లకు ఏ వీడియో కంటే ముందు నేమ్‌స్పేసెస్(7) చూడమంటాను.

మ్యాన్ పేజీ ఎలా రాయాలో చెప్పే పేజీ కూడా అక్కడే ఉంది, మ్యాన్-పేజెస్(7). హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాక్యుమెంటేషన్ ఉద్యోగంలో చేరినవాళ్లు ఒక గంట పెట్టి చదవదగ్గది. ఏ శీర్షిక తర్వాత ఏ శీర్షిక రావాలో వరుసగా చెప్తుంది. 'సీ ఆల్సో' కింద ఇచ్చే పేర్లను ముందు సెక్షన్ అంకె ప్రకారం, ఆ తర్వాతే అక్షర క్రమంలో పేర్చమంటుంది. ఆ జాబితా చివర ఫుల్‌స్టాప్ పెట్టొద్దని కూడా రాసి ఉంది.